లైటు ఆర్పాక మిగిలే వెలుగు



పోయిన సంచికలో మిణుగురు పురుగుల మీద వ్యాసం వచ్చాక చాలామంది నన్ను ఒకటే అడిగారు. గోడకి అంటించే ప్లాస్టిక్ నక్షత్రాలు కూడా లైటు తీసేశాక వెలుగుతాయి కదా, వాటిలోనూ మిణుగురు పురుగు మందే ఉంటుందా అని. ఉండదు. అది వేరే సంగతి. ఆ వేరే సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. కాస్త పెద్దదైంది, రెండు చార్టులు పట్టింది. మధ్యలో ఆపేయకండి, అసలు కథ రెండో చార్టులో ఉంది.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. చీకట్లో మెరిసేవన్నీ ఒకే జాతి కావు. మిణుగురు పురుగు తన ఒంట్లో జరిగే రసాయన చర్యతో వెలుగుతుంది. దానికి ముందుగా ఎండ గానీ లైటు గానీ చూపించనక్కర్లేదు. మోటారు సైకిళ్ళ మీద మనం 'రేడియం' అని పిలిచే స్టిక్కరు అసలు వెలగనే వెలగదు. ఎదురుగా వచ్చే బండి లైటుని వచ్చిన దారినే వెనక్కి కొడుతుంది, అంతే. బండి వెళ్ళిపోతే స్టిక్కరూ చీకటే. అందులో రేడియం లేదు. ఒకప్పుడు గడియారం ముళ్ళకి నిజంగానే రేడియం కలిపిన రంగు పూసేవారు. 1920ల్లో అమెరికాలో ఆ పని చేసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నగా రావడానికి పెదాలతో తడుపుకునేవారు. రేడియం ఒంట్లోకి పోయి దవడ ఎముకలు పుచ్చిపోయాయి, కొందరు చనిపోయారు. పేరు మాత్రం మన స్టిక్కర్లకి మిగిలిపోయింది.

ఇక మూడో రకం. షాపుల్లో దొంగనోట్లు కనిపెట్టడానికి వాడే టార్చి చూశారా? అది అతినీలలోహిత కిరణాలు వదులుతుంది. దాని కింద 500 రూపాయల నోటు పెడితే నంబరు, నోటులోని సన్నటి పోగులు మెరుస్తాయి. టార్చి ఆపితే అదే క్షణంలో ఆరిపోతాయి. దీన్ని మన పుస్తకాల్లో ప్రతిదీప్తి అంటారు, ఇంగ్లీషు మాట ఫ్లోరెసెన్స్. టార్చి ఆపాక కూడా వెలుగు కాసేపు నిలిచిందనుకోండి, అది స్ఫురదీప్తి, అంటే ఫాస్ఫారెసెన్స్. ప్లాస్టిక్ నక్షత్రాలది ఈ జాతే.

ఒకటి వెంటనే ఆరిపోయి, ఇంకొకటి ఎందుకు నిలుస్తుంది? ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

అణువులో ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలుగా ఉంటాయి. ప్రతి ఎలక్ట్రానుకీ స్పిన్ అని ఒక గుణం ఉంది. దాన్ని ఒక బాణం గుర్తు అనుకోండి. జంటలో ఒకదాని బాణం పైకి ఉంటే రెండోదాని బాణం కిందికి ఉండాలి. ఒకే చోట రెండూ ఒకే దిక్కు చూడకూడదు, అది ప్రకృతి నియమం. వెలుతురు తగిలితే జంటలో ఒకటి పై మెట్టు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు బాణం దిక్కు మారదు. కాబట్టి తిరిగి కిందికి దూకడానికి అడ్డేమీ లేదు. సెకనులో వంద కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాల్లోనే దూకేస్తుంది. దూకుతూ వెలుగు వదులుతుంది. ఇదే ప్రతిదీప్తి.

అప్పుడప్పుడు ఒక తమాషా జరుగుతుంది. పై మెట్టు మీద ఉండగానే ఎలక్ట్రాను బాణం తిరగబడుతుంది. ఇప్పుడు కింద ఉన్నదీ పైన ఉన్నదీ ఒకే దిక్కు చూస్తున్నాయి. కిందికి రావాలంటే గేటు మూసి ఉంది. ఈ స్థితిని ట్రిప్లెట్ అంటారు. అవుటింగ్ చీటీ లేకుండా గేటు దగ్గర నిలబడ్డ మన సంగతే అనుకోండి (వార్డెన్ సారు కూడా ఈ గోడ చదువుతారని తెలిసే రాస్తున్నాను). అయితే ఈ గేటు గట్టిగా మూసినది కాదు. ఎప్పుడో ఒకప్పుడు సందు దొరుకుతుంది. ఒక్కో ఎలక్ట్రాను ఒక్కో సమయానికి జారిపోతుంది. అలా మెల్లగా వదిలే వెలుగే లైటు ఆర్పాక మనకి కనిపించేది. 1944లో అమెరికాలో గిల్బర్ట్ లూయిస్, మైకేల్ కాషా అనే ఇద్దరు స్ఫురదీప్తి ఈ ట్రిప్లెట్ నుంచే వస్తుందని చూపించారు.

ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. గేటు దగ్గర కాచుకుని ఉండేటప్పుడు ఎలక్ట్రాను చేతిలో ఉన్న శక్తి ఊరికే ఉండదు. సంత రోజున నిండు బిందె నెత్తిన పెట్టుకుని జనంలో నడిస్తే ఏమవుతుంది? ఒకరు భుజం తగిలిస్తారు, ఇంకొకరు మోచేయి తగిలిస్తారు, ఇంటికి వచ్చేసరికి బిందె సగమే. అణువు కూడా అంతే. మామూలు వేడిలో అణువు ఊగుతుంది, వంగుతుంది, పక్కవాటిని గుద్దుకుంటుంది. శక్తి అంతా వేడిగా ఒలికిపోతుంది. వెలుగుగా రావడానికి ఏమీ మిగలదు. పైగా గాలిలోని ఆక్సిజన్ ఒకటి. దాని మామూలు స్థితే ట్రిప్లెట్. పుట్టుకతోనే దాని రెండు ఎలక్ట్రాన్లు ఒకే దిక్కు చూస్తుంటాయి. అందుకని మన అణువు దగ్గరికి వచ్చి ఆ శక్తిని అడ్డు లేకుండా లాగేసుకుంటుంది.

రాళ్ళలో, ఖనిజాల్లో ఈ బాధ తక్కువ. పరమాణువులు గట్టిగా బిగుసుకుని ఉంటాయి, ఆక్సిజన్ లోపలికి పోలేదు. అందుకే చీకట్లో వెలిగే పదార్థంగా పేరుపడ్డ మొదటిది రాయే. 1603 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యా ఊళ్ళో విన్‌చెంజో కాషారోలో అనే చెప్పులు కుట్టే ఆయన ఒక బరువైన రాయి ఏరుకొచ్చాడు. బంగారం చేద్దామని బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు గానీ పగలు ఎండలో పెట్టిన రాయి రాత్రి ఎర్రగా వెలిగింది. ఆ రాయి బెరైటు. రాయలసీమలోని మంగంపేటలో పెద్ద ఎత్తున తవ్వుతారే, ముగ్గురాయి, అదే జాతి. ఈ చెప్పులు కుట్టే ఆయన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. ఇక ఇప్పటి నక్షత్రాల్లో, మెట్ల దగ్గర అంటించే మంచి రకం పట్టీల్లో వాడేది స్ట్రాన్షియం అల్యూమినేట్. 1993లో జపాన్‌లోని నెమోటో కంపెనీ దీన్ని తయారు చేసింది. ఒకసారి వెలుతురు తాగితే రాత్రంతా మెరుస్తుంది. కానీ అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే అరుదైన లోహాలు కలపాలి, 1000 డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చాలి.

మరి కార్బను, హైడ్రోజను, నైట్రోజను, ఆక్సిజను లాంటి దొరికే సరుకుతో, అంటే కర్బన పదార్థాలతో, అదే పని చేయించలేమా? ఎన్నో ఏళ్ళుగా శాస్త్రవేత్తల ప్రశ్న ఇదే. చేయించవచ్చని పాతవాళ్ళకీ తెలుసు, కాకపోతే చాలా అణువులకి మైనస్ 196 డిగ్రీల దగ్గర ద్రవ నైట్రోజన్‌లో గడ్డ కట్టించాల్సి వచ్చేది. చలికి ఊగడం ఆగుతుంది, వెలుగు వస్తుంది. బయటికి తీసి కాస్త వెచ్చబడితే ఆరిపోతుంది. గది వేడిలో, మనం కూర్చున్న ఈ గాలిలో వెలగాలి. కష్టం అక్కడుంది.

ఊగకుండా పట్టుకోవడానికి ఒక పాత ఉపాయం మన ఆటల గదిలోనే దొరుకుతుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు చాలా డబ్బాల్లో బోరిక్ యాసిడే. ఫ్లోరెసీన్ అనే పసుపు రంగుని చిటికెలో వందో వంతు బోరిక్ యాసిడ్‌లో కలిపి వేడి చేస్తే నీరు ఆవిరై గాజులా కరుగుతుంది. చల్లారితే రంగు అణువులు ఆ గాజులో ఇరుక్కుపోతాయి. లూయిస్ గారి బృందం 1941లో ఇదే గాజు మీద ప్రయోగాలు చేసింది. మా సైన్సు మాస్టారు మొన్న పరీక్షనాళికలో చేసి చూపించారు. ఫ్లోరెసీన్ కోసం కంటి డాక్టర్లు నల్లగుడ్డు మీద గీత పడిందేమో చూడడానికి వాడే పసుపు కాగితపు పట్టీ ఒకటి సంపాదించారు. గది తలుపులు మూసి టార్చి కొట్టి ఆపితే, ఆపాక కూడా లేత ఆకుపచ్చ వెలుగు మూడు నాలుగు సెకన్లు నిలబడింది. అదే రంగు నీళ్ళలో కలిపి చూస్తే టార్చి ఉన్నంతసేపూ ధగధగ, ఆపగానే చీకటి. రంగు ఒకటే, పట్టుకున్న చేయి వేరు.

గాజు కాకపోతే స్ఫటికం. సంత రోజు జీపు ఎక్కారు కదా. చేయి కదపడానికి చోటుండదు. రోడ్డు ఎంత గతుకులైనా ఎవరూ పడరు. స్ఫటికంలో అణువులు అలా సర్దుకుంటాయి. 2010లో చైనాకి చెందిన టాంగ్ బెన్‌జోంగ్ గారి బృందం బెంజోఫినోన్ లాంటి మామూలు పదార్థాలు ద్రావణంలో చీకటిగా ఉండి, స్ఫటికమైతే గది వేడిలోనే స్ఫురదీప్తి ఇస్తాయని చూపించింది. అక్కడినుంచి ఈ పని జోరందుకుంది.

మరుసటి ఏడు, 2011లో, అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో జిన్‌సాంగ్ కిమ్ గారి బృందం ఇంకో ఉపాయం కలిపింది. బ్రోమిన్. బరువైన పరమాణువు దగ్గరుంటే ఎలక్ట్రాను బాణం తిరగబడడం తేలికవుతుంది. ఎక్కువ ఎలక్ట్రాన్లు ట్రిప్లెట్‌లోకి చేరతాయి. వాళ్ళ స్ఫటికం మింగిన ప్రతి 100 కాంతి కణాలకి 55 తిరిగి ఇచ్చింది. లోహం లేని పదార్థానికి అది చాలా గొప్ప లెక్క. అయితే బ్రోమిన్ లోపలికి వచ్చే గేటునే కాదు, బయటికి పోయే గేటునీ తెరుస్తుంది. ట్యాంకుకి పెద్ద కొళాయి పెట్టినట్టు. ధార లావుగా వస్తుంది, ట్యాంకు తొందరగా ఖాళీ అవుతుంది. వెలుగు ఎక్కువ, నిలిచేది సెకనులో చిన్న ముక్క.

సరిగ్గా దీనికి ఎదురు దారిలో 2015లో చైనాలోని నాన్‌జింగ్‌లో హువాంగ్ వెయ్ గారి బృందం నడిచింది. అణువుల్ని ఒకదాని మీద ఒకటి విస్తరాకుల కట్టలా పేర్చి ట్రిప్లెట్‌ని నిలబెట్టారు. వెలుగు ఆయుష్షు 1.35 సెకన్ల దాకా వచ్చింది. ఇక్కడ ఆయుష్షు అంటే పూర్తిగా ఆరడానికి పట్టే సమయం కాదు, 100 ఉన్న వెలుగు 37కి పడడానికి పట్టేది. 7 సెకన్లకి అది దాదాపు నూట ఎనభైలో ఒక వంతు అవుతుంది. చీకటికి అలవాటైన కంటికి ఆ వంతు కూడా కనిపిస్తుంది. కానీ ఇలా ఎక్కువసేపు నిలిచే పదార్థాల్లో, మొదట్లో వచ్చినవాటిలో ముఖ్యంగా, వెలుగు పలచన.

అందుకే స్ఫురదీప్తిని 'మెరుగుపరిచారు' అని ఎక్కడైనా చదివితే నేను వెంటనే అడిగేది, ఏది మెరుగుపడింది, ధారా, ఆయుష్షా అని. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. పనిని బట్టి కావలసింది మారుతుంది. ఖరీదైన సెల్‌ఫోన్ల తెరలో వెలిగే చుక్కలు చూడండి. కరెంటుతో వెలిగిస్తే నాలుగింట మూడు వంతుల శక్తి ట్రిప్లెట్‌లోకే పోతుంది, ఒక వంతే వెంటనే వెలుగయ్యే దారి పడుతుంది. ఆ మూడు వంతులు వృథా కాకుండా ఎరుపు, ఆకుపచ్చ చుక్కల్లో ఇరిడియం అనే అరుదైన లోహం వాడతారు. ఆ తెరకి లావు ధార కావాలి, ఎక్కువసేపు నిలవడం అక్కర్లేదు, నిలిస్తే బొమ్మ మీద బొమ్మ పడుతుంది. ఒంట్లో గడ్డ ఎక్కడుందో వెలుగుతో వెతకాలంటే ఆయుష్షు కావాలి. లైటు వేసినంతసేపూ మన మాంసం కూడా కాస్త మెరుస్తుంది. లైటు ఆపితే అది వెంటనే ఆరిపోయి, మందు వెలుగు ఒక్కటే మిగులుతుంది. ఇక ఆక్సిజన్ తగిలితే ఆరిపోయే గుణం ఉందే, దాన్నే కొలబద్దగా పెట్టుకుని ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచేవాళ్ళూ ఉన్నారు.

నీళ్ళలో స్ఫురదీప్తి తెప్పించడం ఇంకా కష్టం. అక్కడ అణువు స్వేచ్ఛగా తిరుగుతుంది, నీళ్ళలో కరిగిన ఆక్సిజనూ ఉంటుంది. 2018లో బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో సుబి జార్జ్ గారి బృందం నీళ్ళలో ల్యాపోనైట్ అనే బంకమట్టి లాంటి పదార్థం కలిపింది. దాని రేకులు కంటికి కనిపించనంత చిన్నవి. వెలిగే అణువులు ఆ రేకులకి అతుక్కుని కదలకుండా ఉండిపోయాయి. నీళ్ళలోనే వెలిగాయి. ఇన్ని ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇప్పుడు, చెప్తానన్న కథ.

కార్బజోల్ అనే పదార్థం ఉంది. 1872లోనే బొగ్గు తారు నుంచి తీశారు. మూడు చక్రాలు అతుక్కున్న అణువు, నడిమి చక్రంలో ఒక నైట్రోజన్. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. ఈ కొత్త వెలుగు పదార్థాల్లో చాలావాటికి మూలం అదే. సీసా కొనడం, దానికి ఒక కొమ్మ అతికించడం, స్ఫటికం చేయడం, ఎన్ని సెకన్లు వెలిగిందో కొలవడం, ఎందుకు వెలిగిందో వివరించడం. ఇలా ఎన్నో ప్రయోగశాలల్లో జరిగింది. అణువులు ఇలా పేర్చుకున్నాయి కాబట్టి అని ఒకరు, కొమ్మ ఇటు వంగింది కాబట్టి అని ఇంకొకరు.

సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో లియు బిన్ గారి బృందం కొన్న సీసా వాడకుండా కార్బజోల్‌ని తామే శుద్ధంగా తయారు చేసుకుంది. 2020లో ఫలితం ప్రకటించారు. శుద్ధమైన కార్బజోల్‌లో ఆ ఎక్కువసేపు నిలిచే వెలుగు దాదాపు లేదు! అంతకుముందు వెలుగుతాయని పేరుపడ్డ పది పదార్థాల్ని ఈ శుద్ధ సరుకుతో మళ్ళీ చేసి చూశారు. పదీ చీకటే.

మరి సీసా సరుకులో ఏముంది? కార్బజోల్‌కి కవల లాంటి అణువు. అవే పరమాణువులు, అంతే లెక్క, అంతే బరువు. కాకపోతే నైట్రోజన్ ఉన్న చక్రం నడుమ కాకుండా చివర ఉంటుంది. ఇలాంటి కవలని ఐసోమర్ అంటారు. వేరు చేయడం కష్టం కాబట్టి సరుకుతో పాటే ప్రయాణం చేసింది. సీసాలో అది అర శాతం కూడా లేదు. శుద్ధ సరుకులో వెయ్యికి ఒక్క అణువు చొప్పున తిరిగి కలిపితే, ఆరిపోయిన వెలుగు మళ్ళీ వచ్చింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి పాలలో తోడు గుర్తు తెచ్చుకోండి. ఒక చుక్క వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఎవరో తోడు వేశారని తెలియని మనిషి ఏమనుకుంటాడు? ఈ పాలకే ఆ గుణం ఉందనుకుంటాడు, గిన్నె ఆకారం వల్ల తోడుకుందని కూడా వాదిస్తాడు. ఇక్కడ ఐసోమర్ తోడు. అది ఎలక్ట్రాన్లకి గుంట లాంటిది. వెలుతురు తగిలి విడిపోయిన విద్యుదావేశం ఆ గుంటలో చిక్కుకుంటుంది, మెల్లగా బయటపడి తన జోడుని కలుసుకున్నప్పుడు వెలుగు వస్తుంది. అందుకే ఆలస్యం. అంతకుముందు 2017లో జపాన్‌లోని క్యూషూ యూనివర్సిటీలో కాబే, అడాచి అనే శాస్త్రవేత్తలు ఆవేశాన్ని విడదీసి మెల్లగా కలిపే ఈ దారిలోనే, రెండు కర్బన పదార్థాలు కరిగించి కలిపి, గంటకు పైగా వెలుగు నిలిపారు. ఆక్సిజన్ తగలకుండా నైట్రోజన్‌లో ఉంచాల్సి వచ్చింది గానీ, లోహం లేకుండా గంట!

కార్బజోల్ కథ విని కొందరు ఇన్నేళ్ళ పని వృథా అన్నట్టు మాట్లాడతారు. నాకు అలా అనిపించదు. కొలిచిన సెకన్లు నిజం, వెలుగు నిజం. చెప్పిన కారణాల్లో కొన్ని మాత్రం మళ్ళీ చూసుకోవాల్సి వచ్చింది. పైగా ఒక కొత్త ఉపాయం చేతికొచ్చింది. ఇప్పుడు చాలామంది కావాలనే రెండో అణువుని వెయ్యికో వందకో ఒకటి చొప్పున కలుపుతున్నారు. ఏది కలిపామో తెలిసి కలపడం వేరు, తెలియకుండా కలిసిపోవడం వేరు.

చెప్పులు కుట్టే ఆయన మళ్ళీ వస్తాడన్నాను కదా. 2012లో బొలోన్యా రాయిని కొత్త పరికరాలతో పరీక్షించారు. ఆ ఎర్రటి వెలుగు ఇచ్చింది బేరియం సల్ఫైడ్‌లో మలినంగా కలిసిపోయిన కొద్దిపాటి రాగి. ఆయన కలపలేదు, రాయిలో అదే ఉంది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత గానీ దాని పేరు తెలియలేదు.

వార్డెన్ సారు ఒక ప్రశ్న ముందే అడిగారు, మన చుట్టూ ఉన్న మామూలు వస్తువుల్లో ఇది లేదా అని. ఉంది సార్. టాంగ్ గారి బృందమే 2013లో పిండి పదార్థం, సెల్యులోజ్ కూడా గది వేడిలో స్ఫురదీప్తి ఇస్తాయని రాసింది. పిండి పదార్థం అంటే మన అన్నంలో ఉండేదే. సెల్యులోజ్ అంటే నూలు బట్టలో, కాగితంలో ఉండేది. పొడిగా, బిగుతుగా ఉన్నప్పుడే, అతినీలలోహిత టార్చితోనే, అదీ కొద్ది క్షణాలే. మెస్సులో కరెంటు పోయినప్పుడు కంచంలో అన్నం వెలగకపోవడానికి ఒక కారణం అందులోని నీళ్ళు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక కబురు. మాస్టారు చేసిన బోరిక్ గాజు ముక్క మొదటిది వారం రోజుల్లోనే తెల్లగా పొడిబారి వెలగడం మానేసింది. వానాకాలపు గాలిలో తేమ పీల్చుకుంటే గాజు మళ్ళీ బోరిక్ యాసిడ్ పొడి అయిపోతుంది, లోపలి అణువులకి కదలడానికి చోటు దొరుకుతుంది. రెండో ముక్కని మూత బిగించిన సీసాలో పెట్టి సైన్సు గది బీరువాలో ఉంచారు. శనివారం సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక చూపిస్తారు. గది చిన్నది, ఒక్కసారికి పదిమందే పడతారు. టార్చి వెలుగులోకి నేరుగా చూడకండి. సీసా మూత తీయకండి. బోరిక్ యాసిడ్ నోట్లో పెట్టుకునేది కాదు, ఆరో తరగతి తమ్ముళ్ళకి ముఖ్యంగా చెప్తున్నాను. లోపలికి వచ్చాక రెండు నిమిషాలు చీకట్లో ఊరికే కూర్చోండి, కళ్ళు అలవాటు పడితేనే చివరి సెకను కనిపిస్తుంది.